పక్కనే ఉన్న పేరు పెట్టెకు తెలియాలి

ప్రశ్న: కాలేజీల అడ్మిషన్ దరఖాస్తులకు వెబ్ పేజీలు తయారుచేస్తాను. చూపు లేని ఒక విద్యార్థి ఫోన్ చేసి, ఏ పెట్టె దగ్గరికి వెళ్లినా తన స్క్రీన్ రీడర్ (తెరపై ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) 'ఎడిట్, బ్లాంక్' అనే, అంటే 'రాసే పెట్టె, ఖాళీ' అనే పలుకుతోందన్నాడు. ప్రతి పెట్టె పక్కనా పేరు స్పష్టంగానే ఉంది. లోపం ఎక్కడ?
— వెబ్ డెవలపర్, కాకినాడ

జవాబు: కోడ్ సంగతి తర్వాత. ముందు ఆ విద్యార్థికి ఫోన్ చేసి, గడువు దాటేలోపు అతని దరఖాస్తు చేరేలా చూడండి.

నేనూ స్క్రీన్ రీడర్‌తోనే పనిచేస్తాను కాబట్టి ఆ అబ్బాయి విన్నది నాకు కొత్త కాదు. ట్యాబ్ నొక్కినప్పుడు మేము ఒక పెట్టె నుంచి నేరుగా మరో పెట్టెకు వెళతాం. మధ్యలో ఉన్న మామూలు అక్షరాలు వినిపించవు. 'తండ్రి పేరు' అన్న మాట తెరపై పక్కనే ఉన్నా, కోడ్‌లో దానికీ పెట్టెకూ సంబంధం లేకపోతే మాకు అది లేనట్టే. ఆ మాటను పెట్టెకు పేరు తగిలించే లేబుల్ ట్యాగులో పెట్టి, దాని 'ఫర్'కూ పెట్టె 'ఐడీ'కీ ఒకే విలువ ఇవ్వండి. అప్పుడు 'తండ్రి పేరు, ఎడిట్' అని వినిపిస్తుంది. చేతులు వణికేవారికీ మేలే. పేరు మీద నొక్కినా కర్సర్ పెట్టెలోకి వెళుతుంది. లేబుల్ 1997లో, వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ 4తోనే వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా అది లేని ఫారాలు ఎదురవుతుంటే నాకు కోపం వస్తుంది.

లేబుల్ మానేసి, పెట్టె లోపలే లేత రంగులో పేరు రాసే అలవాటు ఒకటుంది. అది వద్దు. ఒక్క అక్షరం కొట్టగానే ఆ పేరు మాయమవుతుంది. కొద్దిపాటి చూపు ఉన్నవారికి ఆ లేత అక్షరాలు ముందే కనిపించవు.

'హాల్‌టికెట్‌లో ఉన్నట్టే పేరు రాయాలి' వంటి సూచనను పెట్టె కింద రాసి ఊరుకోకండి. వివరణను పెట్టెకు ముడిపెట్టే 'ఏరియా-డిస్క్రైబ్డ్‌బై' అనే కోడ్ గుర్తుతో దాన్ని జతచేయండి. లేకపోతే ఆ నియమం మా చెవిన పడేది దరఖాస్తు తిరస్కరించాకే. కొన్ని జవాబుల్లో ఒకదాన్నే ఎంచుకునే రేడియో బటన్ల దగ్గర ఇబ్బంది ఇంకా ఎక్కువ. 'అవును', 'కాదు' అని వినిపిస్తాయి. హాస్టల్ కావాలా అన్నందుకా, స్కాలర్‌షిప్ ఉందా అన్నందుకా? ప్రశ్నను లెజెండ్ ట్యాగులో, దాన్నీ బటన్లనూ కలిపి ఫీల్డ్‌సెట్ ట్యాగులో ఉంచండి.

తప్పు జరిగితే అంచు ఎర్రగా మార్చడం మాకు ఏమీ చెప్పదు. 'పిన్‌కోడ్‌లో 6 అంకెలు ఉండాలి' అని మాటల్లో రాసి, ఆ పెట్టెకే జతచేసి, 'ఇందులో తప్పుంది' అని తెలిపే 'ఏరియా-ఇన్‌వాలిడ్' పెట్టి, కర్సర్‌ను అక్కడికే తీసుకెళ్లండి. అప్పటికే నింపిన వివరాలను మాత్రం చెరపకండి. ఇది మిమ్మల్ని ప్రత్యేకంగా కోరుతున్నాను.

ప్రశ్న: 'చూపు లేనివాళ్లు ఎందరు వస్తారు?' అంటోంది మా యాజమాన్యం. ఖర్చు లేకుండా ఫారాన్ని పరీక్షించవచ్చా?
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: నింపలేని ఫారం పెట్టినచోటికి ఎవరు వస్తారండీ? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. డిజిటల్ సేవల అందుబాటు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పింది. ఇవి యాజమాన్యం ముందుంచండి.

పరీక్షకు రూపాయి కూడా అక్కర్లేదు. ఆస్ట్రేలియాలో చూపు లేని ఇద్దరు యువకులు, మైకేల్ కరన్, జేమ్స్ టే, అభివృద్ధి చేసిన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ విండోస్‌లో ఉచితం. మానిటర్ ఆపేసి, మౌస్ పక్కన పెట్టి, కీబోర్డ్‌తోనే మీ ఫారం మొదటి నుంచి చివరిదాకా నింపండి. ఇన్సర్ట్, ఎఫ్7 కలిపి నొక్కితే వచ్చే జాబితాలో ఫారం పెట్టెలను ఎంచుకుంటే, పేరు లేనివి వెంటనే బయటపడతాయి. ఆండ్రాయిడ్ ఫోనులో ఉండే స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్‌తోనూ చూడండి. ఆ తర్వాత రోజూ స్క్రీన్ రీడర్ వాడే విద్యార్థి ఒకరితో నింపించి, ఆ శ్రమకు డబ్బు ఇవ్వండి. అది పెట్టదగిన ఖర్చే. ఫారం తెలుగులో ఉంటే, పేజీ భాష తెలుగు అని కోడ్‌లో తప్పక చెప్పండి. లేకపోతే స్క్రీన్ రీడర్ ఇంగ్లీషు గొంతుతో తెలుగు చదవబోయి తడబడుతుంది.