‘ఉమ్మివేయ నుద్దేశించుచున్నాను’ అన్న మాటకి భయపడుతున్న తమ్ముడికి

వందనాలు తమ్ముడూ. బైబిల్లో చివరిదైన ప్రకటన గ్రంథం 3వ అధ్యాయంలో నులివెచ్చగా ఉన్నవాళ్లని ఉమ్మివేస్తానన్న మాట ప్రసంగంలో విన్నప్పట్నుంచి మనసు మనసులో లేదన్నావు. ఏడాదిగా ప్రార్థనలో చల్లబడిపోయాను, దేవుడు నన్ను వదిలేశాడా అని అడిగావు. వదిలెయ్యలేదు. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే ఆ మాట ఉన్న లేఖే, లవొదికయ అనే ఊరి సంఘానికి ప్రభువు పంపిన లేఖ, నన్నూ ఒకసారి పట్టుకుంది.

మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. పెళ్లయ్యాక హైదరాబాదు వచ్చేశాం. ఇద్దరికీ ఉద్యోగాలు, ఫ్లాటు, పాప. కానుక ఫోన్లోనే పంపించేసేదాన్ని. ఆరాధన కూడా ఫోన్లోనే, అదీ కూర తరుగుతూ. పెద్ద తప్పులేం చెయ్యట్లేదు కదా అనుకునేదాన్ని. 2018 డిసెంబరు 31 రాత్రి మాత్రం మందిరానికి వెళ్లాం. పన్నెండు దాటాక స్టీలు పళ్లెంలో వాగ్దాన కార్డులు, అంటే కొత్త ఏడాదికి ఒక్కొక్కరికి ఒక్కో బైబిలు వాక్యం రాసినవి, తెచ్చారు. నాకొచ్చిన కార్డు మీద తలుపు బొమ్మ, కింద ‘ఇదిగో నేను తలుపునొద్ద నుండి తట్టుచున్నాను’. మా అమ్మ వాళ్లింట్లో గోడ మీద చిన్నప్పట్నుంచీ చూసిన వాక్యమే. ఇంకా నమ్మనివాళ్లకి చెప్పిన మాట అనుకునేదాన్ని.

ఇంటికొచ్చి బైబిల్లో గీత గీసుకుందామని తీశాను. కన్ను మూడు వచనాలు పైకి పోయింది. ‘నాకేమియు కొదువలేదని చెప్పుకొనుచున్నావు’. పెన్ను చేతిలోనే ఉండిపోయింది. ఆ తలుపు సంఘం తలుపట. బాప్తిస్మం తీసుకుని, పాటలు పాడుతూ, కానుకలిస్తున్న వాళ్ల తలుపు బయట ప్రభువు నిలబడి ఉన్నాడు.

కార్డులు వేసేవాళ్లు తలుపు తట్టే 20వ వచనాన్ని కత్తిరించుకుంటారు. భయపెట్టి బోధించేవాళ్లు ఉమ్మివేస్తానన్న 16వ వచనాన్ని కత్తిరించుకుంటారు. మధ్యలో 19 ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోరు: ‘నేను ప్రేమించువారినందరిని గద్దించి శిక్షించుచున్నాను’. ఇక్కడ మూలంలో ఉన్న గ్రీకు మాట పిల్లల్ని పెంచి, దిద్ది, దారిలో పెట్టడానికి వాడేది. మన భాషలోనూ శిక్షకీ శిక్షణకీ వేరు ఒక్కటే కదా. నువ్వు విన్న ప్రసంగంలో ఆ వచనం దాకా వచ్చి ఉంటే ఈ ప్రశ్న అడిగేవాడివే కాదేమో అనిపిస్తుంది నాకు.

ఇంకొకటి గమనించు. అక్కడ ‘ఉమ్మివేసితిని’ అని లేదు, ‘ఉమ్మివేయ నుద్దేశించుచున్నాను’ అని ఉంది. తీర్పు ఇచ్చేసినవాడు ఇలా కబురు పెట్టడు. ఇంకా తిరగడానికి టైముంది కాబట్టే హెచ్చరిస్తున్నాడు.

నులివెచ్చన అన్న మాట లవొదికయ వాళ్లకి బాగా తెలిసిందే. ఆ ఊరు ఇప్పటి టర్కీలో దెనిజ్లి పట్టణం పక్కన ఉండేది. దగ్గర్లోనే ఒకవైపు హియెరాపొలి, వేడినీటి ఊటలకి పేరు. ఇంకోవైపు కొలొస్సయి, చల్లని నీళ్లు. లవొదికయకి మాత్రం నీళ్లు దూరం నుంచి గొట్టాల్లో రావాలి. ఆ రాతి గొట్టాల లోపల సున్నం గడ్డకట్టి ఉండటం శిథిలాల్లో ఇప్పటికీ చూడొచ్చు. వేడినీళ్లు ఒంటినొప్పులకి పనికొస్తాయి, చల్లనివి దాహానికి. ఈ రెండూ కానివి నోట్లో పోసుకుంటే ఏం చేస్తాం? దేవుడి కోసం రగిలే ఉత్సాహం లేదని కాదు ఆ గద్దింపు, ఎవరికీ పనికిరాకుండా పోయారని. నేను అలా చదువుకున్నాక నా చల్లదనాన్ని కొలుచుకోవడం మానేశాను. క్రీ.శ. 60లో భూకంపం వచ్చి ఊరు కూలితే రోము సాయం లేకుండా సొంత డబ్బుతోనే మళ్లీ కట్టుకున్నారని రోమా చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ‘నాకేమియు కొదువలేదు’ అనే ధీమా అలాంటి ఊళ్లో ఎంత సహజమో ఆలోచించు. మా ఫ్లాటులోనూ అంతే సహజంగా ఉండేది.

ప్రకటన 2, 3 అధ్యాయాల్లో ఇలాంటి లేఖలు అందుకున్న ఏడు సంఘాల్లో స్ముర్న, ఫిలదెల్ఫియలకి గద్దింపే లేదు. అలాగని స్ముర్నకి సుఖం రాసిపెట్టలేదు. చెర ఉంది, శ్రమ ఉంది, మరణం వరకు నమ్మకంగా ఉండు, జీవకిరీటం ఇస్తానన్నాడు. దీవెన వస్తే దేవుడు దగ్గర, కష్టం వస్తే దూరం అనే లెక్క ఆ రెండు అధ్యాయాల్లో ఎక్కడా కుదరదు. అన్నిటికంటే ఘాటుగా చివాట్లు తిన్న లవొదికయకే కలిసి భోజనం చేస్తానన్న మాట, తన సింహాసనం మీద తనతో కూర్చోనిస్తానన్న మాట దక్కాయి.

నేనేం చేశానని అడుగుతావేమో. ఉపవాసాలు, పెద్ద తీర్మానాలు ఏం లేవు. మర్నాడు పొద్దున వంటింట్లో స్టవ్ వెలిగించకముందు పది నిమిషాలు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పుకున్నాను. మాటలు రాలేదు, ఏడుపొచ్చింది. తర్వాతి ఆదివారం నుంచి మందిరానికే వెళ్లాం. మా వీధిలో ఒంటరిగా ఉండే పెద్దావిడకి బుధవారం సాయంత్రాలు బైబిలు చదివి వినిపించడం మొదలుపెట్టాను, ఆవిడకి చూపు ఆనదు. పనికిరావడం అంటే నాకు అక్కడ అర్థమైంది. ఎండిపోయిన రోజులు ఇప్పటికీ వస్తాయి.

నువ్వు ఈ రాత్రి 3:14 నుంచి 22 దాకా ఆగకుండా, బిగ్గరగా, ఒక్కసారి చదువు. పట్టుమని రెండు నిమిషాలు కూడా పట్టదు. భయంతో నిద్ర లేకపోవడం వారాల తరబడి సాగితే మాత్రం మీ పాస్టరుగారితో, అవసరమైతే డాక్టరుతో మాట్లాడు, అది అవిశ్వాసం కాదు. నా నీలం కార్డు ఇంకా ఆ పేజీలోనే ఉంది. చదివాక నీకేమనిపించిందో ఇక్కడ రాయి తమ్ముడూ, నీ కోసం ప్రార్థన చేస్తున్నాను.