ఇల్లంతా ఒకే తెలుపు వేయించకండి

ఉత్తరం గదికీ పడమటి గదికీ ఒకే తెలుపు సరిపోతుందా, ఏ షేడ్ తీసుకోవాలి అని అడిగారు. సరిపోదు. షేడ్ పేరంటారా, గది చూడకుండా నేను చెప్పను, చెప్పేవాళ్లను నమ్మకండి కూడా.

గుంటూరులో మా బాబాయిగారు ఇల్లంతా ఒకే తెలుపు వేయించారు. సాయంత్రం పడమటి గది లేత పసుపుతో కళకళలాడుతోంది. ఉత్తరం గది మాత్రం నీలం తిరిగి నీరసంగా ఉంది. పెయింటరు నీళ్లు ఎక్కువ కలిపాడని బాబాయి గొడవ. "రెండు గదులకూ ఒకే బకెట్టు సార్" అని మేస్త్రీ మొత్తుకోలు. మిగిలిన రంగునే రెండు అట్టలకు రెండేసి కోట్లు వేసి ఆరనిచ్చాను. గదికొకటి గోడకు ఆనించి, బాబాయి చూస్తుండగానే అటుది ఇటూ ఇటుది అటూ మార్చాను. పసుపుగా కనిపించిన అట్ట ఉత్తరం గదిలోకి రాగానే నీలమైంది! ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. మేస్త్రీకి బాకీ డబ్బు అప్పుడే ఇచ్చేశారు.

మన ప్రాంతంలో ఉత్తరపు కిటికీకి ఏడాదిలో చాలా నెలలు నేరుగా ఎండ తగలదు. వచ్చేది ఆకాశపు వెలుగు, అందులో నీలం పాలు ఎక్కువ. కాబట్టి అక్కడ కాస్త పసుపో ఎరుపో కలిసిన ఐవరీ రకాలే వేయాలి. పడమటి గదికి ఆ పసుపు ఎండే ఇస్తుంది, ఏ కలుపూ లేని తెలుపు చాలు. వెనకటికి వెల్ల వేసేటప్పుడు మరింత తెల్లగా కనిపించాలని సున్నంలో నీలిమందు కలిపేవారు. ఉత్తరం గదిలో అలాంటి నీలపు తెలుపు వేస్తే అచ్చం ఆసుపత్రి వార్డే.

దిక్కు ఒక్కటే చూస్తే చాలదు. మన అపార్ట్‌మెంట్ల పుణ్యమా అని కిటికీ తెరిస్తే పక్కింటి గోడే. దానికి చిలకపచ్చ వేసి ఉంటే, ఎండ పడినప్పుడు ఆ పచ్చదనం మీ తెల్లగోడకు అంటుకుంటుంది. బిల్డరుకు ఈ బాధ ఎందుకు పడుతుంది? ఇక ఇంటింటా 6500 కెల్విన్ ఎల్ఈడీ బల్బులు! (కెల్విన్ అంటే వెలుగు రంగు కొలత, అంకె పెరిగేకొద్దీ నీలం, తగ్గేకొద్దీ పసుపు.) ఏరికోరి ఐవరీ వేయించి, రాత్రి ఆ నీలి వెలుగులో కూర్చుంటే లాభమేమిటి? ఉత్తరం గదికి 3000 కెల్విన్ బల్బు పెట్టండి, సగం సమస్య అక్కడే తీరుతుంది. షాపులో ట్యూబులైటు కింద షేడ్ కార్డు చూసి తేల్చేయడం శుద్ధ దండగ. చిన్న డబ్బా కొని, అట్టకు వేసి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, దీపాలు పెట్టాక ఒకసారి చూడండి.

మీ కిటికీల ఎదుట ఏముందో, ఏ బల్బులు వాడుతున్నారో రాయండి. షేడ్ల సంగతి అప్పుడు చూద్దాం.