వానల్లో చామంతులు

ప్రశ్న: మాది కావలి. డాబా మీద కుండీల్లో చామంతులు పూస్తున్నాయి గానీ, వానలు పట్టుకున్నాక కింది ఆకులు నల్లమచ్చలు పడి ఎండిపోతున్నాయి. వీధిదీపం పక్కనున్న కుండీ గుబురుగా పెరిగినా మొగ్గ వెయ్యలేదు. ఎందుకని?
– ఒక పాఠకురాలు

జవాబు: మచ్చలు ఆకుమచ్చ తెగులువి. నెల్లూరు జిల్లాలో పెద్దవానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కదా, ఆకు తడి ఆరక శిలీంధ్రం పాకుతుంది. మచ్చలున్న ఆకులు తుంచి కాల్చెయ్యండి. వాన తెరిపిచ్చిన రోజున లీటరు నీటికి రెండున్నర గ్రాముల మాంకోజెబ్ అనే తెగులుమందు కలిపి, ఆకుల అడుగున కూడా తడిసేలా చల్లండి; పది రోజులకు మరోసారి. మందుకంటే ముఖ్యం నీరు నిలవకపోవడం. కుండీల కింద రెండేసి ఇటుకలు పెట్టి, అడుగు రంధ్రం పూడిందేమో పుల్లతో పొడిచి చూడండి. మట్టి తడిగా ఉండగానే మొక్క వాడిపోతుంటే వేరు కుళ్లినట్టే, దాన్ని తీసెయ్యడమే మేలు. నీళ్లు మొక్క మొదట్లోనే పొయ్యండి, తలమీద వద్దు.

రెండోదానికి తెగులేం లేదు. చామంతికి రాత్రులు పొడవైతేనే మొగ్గ వస్తుంది, దీపం వెలుగు దాన్ని ఆపేస్తోంది. కుండీని చీకటి మూలకు జరపండి. యూరియా మాత్రం వెయ్యకండి, ఆకే పెరుగుతుంది.