14 నెలల బాబుతో ఇంటి నుంచి వర్చువల్ అసిస్టెంట్ పని కుదురుతుందా?

మీరు మూడు విషయాలు అడిగారు. నిజాంపేటలో ఇంట్లోనే ఉండి, 14 నెలల బాబును చూసుకుంటూ ఈ పని, అంటే ఆన్‌లైన్‌లో వేరేవాళ్ల ఆఫీసు పనులు చేసిపెట్టడం, చేయగలనా, నెలకు ఎంత వస్తుంది, 35 వేలు కట్టి ఆన్‌లైన్ కోర్సులో చేరాలా అని. నేను మల్కాజిగిరిలో ఉంటాను. మా పాపకు 11 నెలలప్పుడు మొదలుపెట్టాను, ఇప్పుడు దానికి ఆరేళ్లు. పెళ్లికి ముందు నాలుగేళ్లు బేగంపేటలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో టికెటింగ్ చేశాను.

పని కుదురుతుందండీ. "చూసుకుంటూ" అన్నదే కుదరదు. పిల్లలు మెలకువగా ఉన్నంతసేపు కుదురుగా ఒక మెయిల్ కూడా రాయలేం. ఎవరైనా రాస్తున్నామని చెప్తే, వాళ్లింట్లో వెనకాల అమ్మమ్మో నానమ్మో ఉన్నట్టే. నన్నడిగితే, మీకు ఏ పని వచ్చన్నది తర్వాతి మాట. బాబు ఎప్పుడెప్పుడు పడుకుంటాడో ఒక వారం రాసి పెట్టుకోండి. ఆ వేళకు ఏ దేశంలో ఆఫీసులు తెరుస్తారో చూసి అక్కడి క్లయింట్లను వెతకండి.

అమెరికా వాళ్లే ఎక్కువ దొరుకుతారు. కానీ న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే మనకు సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. పిల్లలకు అన్నం పెట్టే వేళ, వాళ్లు పేచీ పెట్టే వేళ కూడా అదే. రెండు నెలలు చేసి దండం పెట్టేశాను. లండన్‌లో 9 అయితే ఇక్కడ మధ్యాహ్నం 1:30 లేదా 2:30, బాబు పగటి నిద్రకు సరిపోవచ్చు. నాకు మెల్‌బోర్న్ కలిసొచ్చింది. అక్కడ 9 అయ్యేసరికి మనకు తెల్లవారుజామున 4:30. మా పాప ఏడింటి దాకా కదలదు. రాత్రి తొమ్మిదిన్నరకల్లా నేనూ దానితోపాటే పడుకునేదాన్ని. సీరియళ్లు, చుట్టాల ఫోన్లు అన్నీ బంద్.

ఇక్కడే ఒక దెబ్బ తిన్నాను. మెల్‌బోర్న్‌లో అక్టోబర్ మొదటి ఆదివారం గడియారాలు గంట ముందుకు తిప్పుతారు. ఆ సంగతి నాకు తెలియదు. సోమవారం మామూలుగా 4:30కి లేచి ల్యాప్‌టాప్ తెరిస్తే అక్కడ అప్పటికే పది. తొమ్మిదింటి మీటింగ్‌కి నేను పంపాల్సిన లింక్ పంపలేదు. నేను పని చేసే క్లయింట్ మేడమ్ నుంచి ఐదు మెసేజ్‌లు, చివరి దాంట్లో ఒక్క ప్రశ్నార్థకం గుర్తు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. నేను సారీ చెప్పి, ఆ వారం బిల్లులో రెండు గంటల డబ్బులు వేయలేదు. అప్పటి నుంచి గూగుల్ క్యాలెండర్‌లో మెల్‌బోర్న్ టైమ్, మన టైమ్ రెండూ పక్కపక్కన కనిపించేలా పెట్టుకున్నాను. మీరు ఏ దేశం వాళ్లకు చేసినా మొదటి రోజే ఇది చేయండి.

ఆ మెల్‌బోర్న్ మేడమ్‌ది చిన్న అకౌంట్స్ ఆఫీసు. మెయిళ్లు వేరు చేయడం, అపాయింట్‌మెంట్లు, ఇన్వాయిస్‌లు పంపడం, డబ్బు కట్టనివాళ్లకు మర్యాదగా గుర్తు చేయడం, ప్రయాణాలకు టికెట్లు, హోటళ్లు. ఇవే. టికెట్ రద్దయితే డబ్బు ఎలా రాబట్టాలో నాకు ముందే తెలుసు కాబట్టి నమ్మకం త్వరగా కుదిరింది. మీరు హెచ్‌ఆర్‌లో చేశానన్నారు కదా, రెజ్యూమేలు వడకట్టడం, ఇంటర్వ్యూ టైమ్‌లు కుదర్చడం అన్నవాటినే ముందు పెట్టి అడగండి. "అన్నీ చేస్తాను" అని రాస్తే ఎవరూ పిలవరు.

పాప మధ్యలో లేచిన రోజులు లేకపోలేదు. చీర ఉయ్యాలకు ఒక తాడు కట్టి, దాని కొస నా కాలి బొటనవేలికి చుట్టుకుని, ఊపుతూ ఇన్వాయిస్‌లు టైప్ చేసేదాన్ని. ఊపు ఆగితే కళ్లు తెరిచేది. ఒకసారి అంకెలు సరిచూస్తూ కాలు ఆపేశాను, ఇక ఆ రోజుకు అంతే. అందుకే గంటలో జవాబు చెప్పాల్సిన చాట్ సపోర్ట్ లాంటివి ఒప్పుకోకండి. సాయంత్రంలోపు ఇస్తే చాలనే పని ఎంచుకోండి. కాల్స్ వారానికి రెండే అని ముందే రాయించుకున్నాను. ఆ రెండు రోజులు, పొద్దున గంటన్నరసేపు పాపను చూసినందుకు కింది పోర్షన్ ఆంటీకి నెలకు 1,500 ఇచ్చేదాన్ని. ఊరికే చూడమంటే నాలుగు రోజులే చూస్తారు. వినాయక చవితి పది రోజులు మాత్రం కాల్స్ అసలు పెట్టుకోను, మా గల్లీ మండపం మైకు సంగతి మెల్‌బోర్న్‌కు కూడా తెలిసిపోయింది.

ఇంట్లోనే ఉంటాం కాబట్టి ఖాళీగా ఉన్నామని అందరూ అనుకుంటారు. మా ఫ్లోర్ మొత్తానికీ వచ్చే పార్సిళ్లు నేనే తీసుకునేదాన్ని. వాటికి కూడా గంటల లెక్కన బిల్లు వేయాల్సింది.

డబ్బు విషయం. ఐదేళ్ల కిందట మొదటి నెల 52 గంటలు, గంటకు 4 డాలర్లు, 208 డాలర్లు. ఫ్రీలాన్స్ సైట్ కమీషన్, కరెన్సీ మార్చే ఖర్చు పోగా చేతికొచ్చింది 12 వేల పైచిలుకు. ఇప్పుడు గంటకు 9 డాలర్లు, వారానికి 20 గంటలు. నా పాత జీతం దాటడానికి రెండేళ్లు పట్టింది. బయటి దేశం నుంచి డబ్బు పడ్డప్పుడు బ్యాంకు ఇచ్చే కాగితాలు దాచుకోండి, ఇన్‌కమ్‌ ట్యాక్స్ రిటర్న్ వేసేటప్పుడు కావాలి. ఇలాంటి సర్వీసులకు ఏడాదికి 20 లక్షలు దాటే దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మనం అక్కడికి చేరడానికి ఇంకా టైముంది.

పని ఇస్తామంటూ ముందు డబ్బు కట్టమన్న వాళ్ల జోలికి పోకండి. నేను డేటా ఎంట్రీ అని నమ్మి 3,000 కట్టాను. తప్పులున్నాయంటూ ఇంకా కట్టమన్నారు, కట్టకపోతే కోర్టు నోటీసు అని వాట్సాప్‌లో ఒక దొంగ కాగితం పంపారు. వారం రోజులు అన్నం సయించలేదు. అలా ఎవరైనా బెదిరిస్తే 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్.

కోర్సు వద్దు. క్యాన్వా (డిజైన్లు చేసేది), ట్రెల్లో (పనుల జాబితా పెట్టుకునేది), గూగుల్ షీట్స్ యూట్యూబ్‌లో ఊరికే నేర్చుకోవచ్చు. ఆ 35 వేలలోంచి ఒక రెండు వేలు తీసి వైఫై రౌటర్‌కి చిన్న యూపీఎస్ కొనండి. మే నెల గాలివానలకు మా గల్లీలో కరెంటు పోతే ఎప్పుడొస్తుందో చెప్పలేం, మీ నిజాంపేటలో ఎలా ఉంటుందో మరి.