ఆరుద్ర పురుగా, ఆర్ద్ర పురుగా?

సందేహం: పిల్లల బొమ్మల పుస్తకం ఒకదానిలో గుండ్రంగా, నల్లచుక్కలతో ఉన్న లేడీబర్డ్ బొమ్మ కింద ‘ఆరుద్ర పురుగు’ అని వేశారు. మా ఊళ్లో ఆరుద్ర పురుగంటే తొలకరికి నేల మీద పాకే ఎర్రటి మెత్తటి పురుగు. ఏది సరైనది? ‘ఆర్ద్ర’ అనాలా, ‘ఆరుద్ర’ అనాలా? రుద్రుడి పేరు మీద వచ్చిందని ఒక పెద్దాయన అన్నారు, నిజమేనా? కావ్యాల్లో ఇంద్రగోపం అని వర్ణించే పురుగు ఇదేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్ జిల్లా

సమాధానం: మీ ఊరివాళ్లు చెప్పిందే సరైనది. బొమ్మ ఒకటి, పేరు ఇంకొకటి అచ్చువేసి పిల్లల చేతిలో పెట్టడం క్షమించరాని అశ్రద్ధ. లేడీబర్డ్‌కు తెలుగులో పేరు లేకపోతే సరే అనుకోవచ్చు. అక్షింతల పురుగు అని రైతులు రోజూ అనే పేరుంది, వ్యవసాయ శాఖ కరపత్రాల్లోనూ ఉంది. పంట మీద పేనుబంకను తినిపెట్టే మిత్రపురుగుల జాబితాలో దానిది ముందు వరుస. ఒక్క రైతును అడిగినా తేలిపోయే సంగతి ఇది.

ఇక పేరు. సంస్కృతంలో ఆర్ద్ర అంటే తడిసినది. అది నక్షత్రానికి పేరైంది. సూర్యుడు ఆ నక్షత్రంలో ప్రవేశించే జూన్ 22 ప్రాంతం మనకు ఆరుద్ర కార్తె. ‘ర్ద్ర’ అని మూడు హల్లులు ఒక్కచోట ముడిపడితే పలకలేక మన నాలుక మధ్యలో ఒక ఉకారాన్ని చొప్పించింది. చంద్రుడు చందురుడైన దారి ఇదే. తమిళులు మొదటి రేఫను వదిలేసి ఆదిరై అన్నారు, తిరువాదిరై పండుగలో ఉన్నది అదే. ఆ నక్షత్రానికి అధిదేవత రుద్రుడన్న మాట వాస్తవమే కాబట్టి మీ పెద్దాయన ఊహ నిరాధారం కాదు. కానీ మాట పుట్టింది తడిలోంచి. రుద్రుడి పేరు చెవికి అలవాటై ఉండటం వల్ల ‘ఆరుద్ర’ మరింత స్థిరపడి ఉండవచ్చు, అంతకు మించి నేను పట్టుబట్టను. ఆర్ద్ర అని రాసినా తప్పు లేదు. ‘అరుద్ర’ అని హ్రస్వంతో రాయడం మాత్రం తప్పు. ఈ మధ్య పత్రికల్లో కార్తె పేరును అలా చూసినప్పుడల్లా ప్రాణం విలవిల్లాడుతుంది. ‘ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయి’ అన్న సామెతను పైకి చదివితే, రెండు ‘ఆరు’లు ఎదురెదురుగా నిలిచి దీర్ఘం ఎక్కడుండాలో అవే చెబుతాయి.

ఇంద్రగోపం సంగతికి వస్తాను, అసలు రుచి అక్కడే ఉంది. కిష్కింధాకాండ 28వ సర్గలో మాల్యవంతం కొండ మీద రాముడు లక్ష్మణుడికి వానాకాలాన్ని వర్ణిస్తూ అంటాడు:

బాలేంద్రగోపాంతరచిత్రితేన
విభాతి భూమిర్నవశాద్వలేన
గాత్రానుపృక్తేన శుకప్రభేణ
నారీవ లాక్షోక్షితకంబలేన

లేత ఇంద్రగోపాలు మధ్యమధ్య చిత్రించిన కొత్త పచ్చికతో భూమి, లక్కరంగు చిలకరించిన చిలకపచ్చ కంబళిని ఒంటికి చుట్టుకున్న స్త్రీలా ఉందట. ‘లాక్ష’ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. మన లక్క దాని వికృతే. ఆ ఎర్రరంగు వచ్చేది కొమ్మలను అంటిపెట్టుకుని బతికే లక్కపురుగు నుంచి. పురుగు ఎరుపును చెప్పడానికి ఆదికవి మరో పురుగిచ్చిన ఎరుపునే తెచ్చాడు. కాళిదాసు ఇదే పచ్చికను విక్రమోర్వశీయం నాలుగో అంకంలో పురూరవుడికి చూపించాడు. ఊర్వశి కోసం పిచ్చివాడై తిరుగుతున్న ఆ రాజుకు పచ్చిక మీద ఆమె స్తనాంశుకం, అంటే రొమ్ము మీది వస్త్రం, కనిపిస్తుంది. చిలక పొట్టలా పచ్చన, మీద పెదవిరంగును కడిగి తెచ్చిన కన్నీటి చుక్కలు. దగ్గరికి వెళ్తే ఇంద్రగోపాలున్న కొత్త గడ్డి! రెండు చోట్లా చూస్తున్నది భార్యకు దూరమైనవాడే, నేల కనిపించింది స్త్రీ వస్త్రంగానే. వాల్మీకి ‘ఇవ’ (వలె) అని ఉపమతో ఊరుకున్నాడు, కాళిదాసు దాన్ని భ్రాంతిగా మార్చి, మరుక్షణంలో ఆ భ్రాంతిని విరిచేశాడు. ఆ విరుపు చదివిన ప్రతిసారీ గుండె పట్టేస్తుంది.

తొలివానలు, లేత పచ్చిక, నేల మీద ఎర్రటి చుక్కలు. ఈ మూడూ మన ఆరుద్ర పురుగుకు సరిపోతున్నాయి కాబట్టి ఇంద్రగోపం అదేనని నా మొగ్గు. ఆ మాటను వేరే ఎర్ర పురుగులకు చెప్పినవారూ ఉన్నారు కనుక ప్రతి కావ్యంలోనూ ఇదే అర్థమని శాసించలేను.

మీరు అడగకపోయినా ఒక మాట. దీన్ని ‘కీటకం’ అని రాయకండి. నేటి శాస్త్ర పరిభాషలో కీటకానికి ఆరు కాళ్లే. ఎదిగిన ఆరుద్ర పురుగుకు ఎనిమిది. వంశాన్ని బట్టి ఇది పంటల మీది నల్లులకూ (మంచం నల్లులు కావు), పశువులను పట్టే గోమార్లకూ దగ్గరి చుట్టం. ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలోనే ఉండి, మంచి వాన పడగానే పైకి వస్తుంది. వేలితో తాకితే కాళ్లు ముడుచుకుని కదలకుండా ఉండిపోతుంది. ‘పురుగు’ అంటే ఏ చిక్కూ లేదు. పామును కూడా ‘పురుగు ముట్టింది’ అని అందులోనే ఇమిడ్చిన జాతి మనది. ఇప్పుడు కొందరు ‘వెల్వెట్ పురుగు’ అంటున్నారు. కార్తెనూ వాననూ వదిలేసి ఒంటి మీది నూగును మాత్రమే చెప్పే ఆ పేరు మనకు అక్కర్లేదు.

ఆ పుస్తకం వేసినవారికి ఒక ఉత్తరం రాయండి. బొమ్మ మార్చనక్కర్లేదు, దాని కింద ‘అక్షింతల పురుగు’ అని దిద్దితే చాలు.