ఫ్రిస్కో స్కూళ్ల కోసం ఇప్పుడే ఇల్లు కొనాలా, అద్దెకుండి చూడాలా?

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో నెలకు 2,600 డాలర్ల అద్దెకు అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. నేను హెచ్-1బి ఉద్యోగ వీసా మీద పనిచేస్తున్నాను, గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్‌కు ఆమోదం వచ్చేసింది. నా భార్య హెచ్-4 ఈఏడీ (హెచ్-1బి వారి జీవిత భాగస్వామికి ఇచ్చే పని అనుమతి) మీద ఉద్యోగం చేస్తోంది. ఇద్దరికీ కలిపి ఏడాదికి 2.4 లక్షల డాలర్లు వస్తాయి, అందులో నాది 1.75 లక్షలు. బాబు నాలుగో గ్రేడ్, పాప కిండర్‌గార్టెన్ చదువుతున్నారు. బ్యాంకులో 1.9 లక్షల డాలర్లు ఉన్నాయి. మిత్రులందరూ ఫ్రిస్కో ఐఎస్‌డీకి (అక్కడి ప్రభుత్వ స్కూళ్లను నడిపే డిస్ట్రిక్టు) మారుతుంటే మేమూ అక్కడ 6.5 లక్షల డాలర్ల ఇల్లొకటి చూశాం. దాదాపు అలాంటి ఇల్లే పక్క వీధిలో 3,100కు అద్దెకు ఉంది. మంగళగిరిలో నా పేరున ఉన్న స్థలం అమ్మి డబ్బు పంపిస్తానని నాన్నగారు అంటున్నారు. కొనమంటారా?

జవాబు: మీరిచ్చిన అంకెలను బట్టి నా సలహా ఇది: ఈ వేసవిలో ఫ్రిస్కోకు మారండి, కానీ అద్దెకు మారండి. మంగళగిరి స్థలం జోలికి ఇప్పుడు వెళ్లకండి. కొనే నిర్ణయాన్ని మీ బాబు ఆరో గ్రేడ్‌కు చేరే లోపు తీసుకుంటే చాలు.

ముందుగా ఒక విషయం. అక్కడి ప్రభుత్వ పాఠశాలలో సీటు ఇంటి చిరునామాను బట్టి వస్తుంది, ఆ ఇల్లు ఎవరిదన్నది స్కూలుకు అవసరం లేదు. అద్దె ఒప్పందం, కరెంటు లేదా నీళ్ల బిల్లు చూపించిన కుటుంబానికీ, రిజిస్ట్రేషన్ పత్రం చూపించిన కుటుంబానికీ ఒకే తరగతి గది దొరుకుతుంది. కాబట్టి మీరు చూసిన ఇంటి ధరలో స్కూలు పేరు మీద ఎంత అదనంగా చేరి ఉన్నా, ఆ స్కూలు మీ పిల్లలకు అందడానికి ఆ మొత్తాన్ని చెల్లించి తీరాలన్న నియమం లేదు.

సరిహద్దుల సంగతి అంతకన్నా ముఖ్యం. ఫ్రిస్కో నగరమూ ఫ్రిస్కో ఐఎస్‌డీ పరిధీ ఒకటి కావు. నగరంలో కొంత భాగం ప్రాస్పర్, లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్ డిస్ట్రిక్టుల కిందికి వస్తుంది. మరోవైపు ప్లేనో, మెకిన్నీ నగరాలలోని కొన్ని కాలనీలు ఫ్రిస్కో ఐఎస్‌డీలో ఉన్నాయి, అక్కడ ఇళ్ల ధరలు ఒక్కోసారి కాస్త నయంగానూ ఉంటాయి. అమ్మకపు ప్రకటనలో ఉన్న స్కూలు పేరును నమ్మవద్దు. డిస్ట్రిక్టు వారి సొంత వెబ్‌సైట్‌లో ఇంటి నంబరుతో సహా చిరునామా ఇచ్చి, ఎలిమెంటరీ, మిడిల్, హైస్కూల్ మూడూ ఏవో చూసుకోండి. ఆ సరిహద్దులు శాశ్వతం కావని కూడా గుర్తుంచుకోండి, వాటిని బోర్డు ఎప్పుడైనా మార్చవచ్చు. ఏళ్ల తరబడి కొత్త స్కూళ్లు కట్టుకుంటూ 12 హైస్కూళ్లదాకా పెరిగిన ఈ డిస్ట్రిక్టులో ఇప్పుడు పిల్లల సంఖ్య తగ్గుముఖం పట్టింది. ఇళ్ల ధరలు పెరిగి చిన్నపిల్లలున్న కుటుంబాలు అక్కడ కొనలేకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం. పాత ఊరి భాగంలోని స్టేలీ మిడిల్ స్కూల్‌ను 2024-25 విద్యాసంవత్సరంతో మూసివేశారు. 2024 నవంబరులో పన్ను రేటు పెంపును, కొత్త బాండ్లను ఓటర్లు తిరస్కరించారు. స్కూళ్లు చెడిపోయాయని నేను అనడం లేదు, అవి ఇప్పటికీ మంచి స్కూళ్లే. అయితే ఒక ఫలానా స్కూలును దృష్టిలో పెట్టుకుని 30 ఏళ్ల రుణం తీసుకునే ముందు, ఆ స్కూలు మీ వీధికి ఎన్నాళ్లు దక్కుతుందో ఎవరూ హామీ ఇవ్వరని తెలిసి ఉండాలి.

ఇక పన్ను. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, స్కూళ్లకు స్థానికంగా వచ్చే డబ్బు ప్రధానంగా ఇంటి పన్ను మీదే ఆధారపడుతుంది. ఫ్రిస్కో ఐఎస్‌డీ రేటు ఇటీవల 100 డాలర్ల విలువకు 1 డాలరు 3 సెంట్ల చుట్టుపక్కల ఉంది. సొంతంగా నివసించే ఇంటికి స్కూల్ పన్నులో మినహాయించే విలువను 2023లో లక్ష డాలర్లకు, 2025లో 1.4 లక్షల డాలర్లకు పెంచారు. అంటే మీరు చూసిన ఇంటికి 5.1 లక్షల మీద సుమారు 5,250 డాలర్ల స్కూల్ పన్ను పడుతుంది. నగరం, కౌంటీ, కమ్యూనిటీ కాలేజీ వంటివి కలిపి మరో 60 నుంచి 65 సెంట్లు అనుకుంటే మొత్తం ఏడాదికి 9,500 డాలర్ల లోపు. ఇల్లు మడ్ లేదా పిడ్ (కాలనీకి నీళ్లు, రోడ్లు వంటి వసతుల ఖర్చు రాబట్టే ప్రత్యేక ప్రాంతాలు) పరిధిలో ఉంటే దానికి వేరే వడ్డింపు ఉంటుంది. ఆ సంగతి అమ్మేవారిని రాతపూర్వకంగా అడగండి.

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఇంటి అమ్మకపు ప్రకటనలో కనిపించే పన్ను ఇప్పుడున్న యజమాని కట్టే పన్ను. సొంతింటిదారుకు పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరగకూడదన్న రక్షణ ఆ యజమానికి ఎన్నో ఏళ్లుగా ఉండి ఉండవచ్చు. ఆయనకు 65 ఏళ్లు దాటి ఉంటే స్కూల్ పన్నుకు అదనపు మినహాయింపుతో పాటు గరిష్ఠ పరిమితి కూడా ఉంటుంది. ఇల్లు చేతులు మారాక ఆ రక్షణలు మీకు రావు, మరుసటి ఏడాది జనవరి 1 నాటి మార్కెట్ విలువ మీద మీ లెక్క కొత్తగా మొదలవుతుంది. కొత్తగా కట్టిన ఇల్లైతే ఇబ్బంది మరో రకంగా వస్తుంది. జనవరి 1 నాటికి అక్కడ ఖాళీ స్థలమే ఉంటే, ఆ ఏడాది పన్ను స్థలం మీదే పడుతుంది. స్థలం విలువ 1.2 లక్షలైతే పన్ను 2,000 డాలర్లు వస్తుంది, లెండర్ ఆ ప్రకారమే ఎస్క్రో (పన్ను, బీమా కోసం వాయిదాతో పాటు వసూలు చేసి ఉంచే సొమ్ము) లెక్క కడితే మీ నెల వాయిదా తేలికగా కనిపిస్తుంది. మరుసటి ఏడాది 9,500 బిల్లు వచ్చాక ఎస్క్రోలో తక్కువపడిన 7,500ను ఏడాదిలో రాబడుతూ, పెరిగిన పన్నును కూడా నెలనెలా వసూలు చేస్తారు. అప్పుడు వాయిదా ఒక్కసారిగా 1,200 డాలర్లకు పైగా పెరిగిన ఉత్తరం చేతికి వస్తుంది. ఇల్లు కొన్న రెండో ఏట క్రెడిట్ కార్డుల మీద బతికే కుటుంబాలలో కొన్నింటి కథ ఆ ఉత్తరంతోనే మొదలవుతుంది.

ఇప్పుడు మీ ఇంటి లెక్క చూద్దాం. 20 శాతం, అంటే 1.3 లక్షలు డౌన్ పేమెంట్ కట్టి 5.2 లక్షలు 6.5 శాతం వడ్డీకి తీసుకుంటే అసలు, వడ్డీ కలిపి నెలకు 3,287 డాలర్లు. పన్నుకు 790, ఇన్సూరెన్సుకు 330, హెచ్‌ఓఏకు (కాలనీ ఇంటి యజమానుల సంఘం) కొంత కలిపితే 4,450 దాటుతుంది. మొదటి ఏడాది మీరు కట్టే దాదాపు 39,400లో అసలుకు జమ అయ్యేది 5,800 మాత్రమే. తిరిగి రాని ఖర్చులు చూస్తే వడ్డీ 33,600, పన్ను 9,500, ఇన్సూరెన్సు 4,000, ఇంటి విలువలో ఒక శాతం చొప్పున మరమ్మతులకు 6,500, మొత్తం 53,600. అద్దె ఇంటికి అదే ఏడాదికి 37,200. ఈ తేడా పూడాలంటేనే ఇంటి విలువ ఏటా రెండున్నర శాతం పెరగాలి, డౌన్ పేమెంట్ డబ్బు మరోచోట ఉండి ఉంటే వచ్చే రాబడిని ఇంకా లెక్కలోకి తీసుకోలేదు. వడ్డీకి పన్ను మినహాయింపు వస్తుందని మీ మిత్రులు చెప్పి ఉంటారు. 2025 లెక్కన దంపతులకు ఏ ఖర్చులూ చూపకుండానే దొరికే స్టాండర్డ్ డిడక్షనే 31,500 ఉంది కాబట్టి, వడ్డీ, ఇంటి పన్ను కలిపి 43,100 చూపినా అదనంగా లాభపడేది 11,600 మీదే. మీ శ్లాబులో అది 2,500 డాలర్ల పైచిలుకు ఆదా. మూడేళ్లలోపు అమ్మవలసి వస్తే బ్రోకర్లకూ ఇతర ఖర్చులకూ అంతకు ఎన్నో రెట్లు పోతుంది.

వడగళ్ల మాట కూడా చెప్పాలి. ఉత్తర టెక్సాస్‌లో ఇంటి పైకప్పు మార్పించుకోవడం అరుదైన విషయం కాదు. గాలి, వడగళ్ల నష్టానికి డిడక్టిబుల్‌ను చాలా పాలసీలలో ఇంటి బీమా మొత్తంలో శాతంగా రాస్తారు. 5 లక్షల బీమాకు 2 శాతమంటే మొదటి 10,000 డాలర్లు మీ జేబు నుంచే పోతాయి. కోట్ తీసుకునేటప్పుడు ప్రీమియంతో పాటు ఆ శాతం కూడా చూడండి.

హైస్కూలు గురించి మీరు అడగలేదు, కానీ ఫ్రిస్కోకు మారే చాలామంది మనసులో ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం ఉంటుంది కాబట్టి చెబుతున్నాను. రాష్ట్రంలోని హైస్కూళ్లలో పైస్థాయిలో నిలిచిన విద్యార్థులకు ఆ విశ్వవిద్యాలయం ఇచ్చే ఆటోమేటిక్ ప్రవేశాన్ని 2026లో చేరేవారి నుంచి 6 శాతానికి బదులు మొదటి 5 శాతానికి పరిమితం చేశారు. ఆ శాతాన్ని ఏ స్కూలుకు ఆ స్కూలులోనే లెక్కిస్తారు. అంటే అందరూ బాగా చదివే స్కూలులో మీ బాబు అదే మార్కులతో వెనుకబడవచ్చు. పైగా ఆ ప్రవేశం విశ్వవిద్యాలయానికే, కంప్యూటర్ సైన్స్ సీటుకు కాదు. రేటింగ్ 9 ఉన్న స్కూలును వదిలి 10 ఉన్న స్కూలు కోసం 80,000 డాలర్లు ఎక్కువ పెట్టడాన్ని నేను ఎన్నడూ సమర్థించను.

మీ పరిస్థితిలో నన్ను నిజంగా ఆలోచింపజేసేది ఉద్యోగం. హెచ్-1బి ఉద్యోగం పోతే సాధారణంగా మీకు దొరికేది 60 రోజుల గడువు. మీ భార్య ఈఏడీ కూడా మీ హోదాకే ముడిపడి ఉంది కాబట్టి రెండు జీతాలనూ రెండు వేర్వేరు ఆధారాలుగా లెక్కపెట్టవద్దు. డౌన్ పేమెంట్, క్లోజింగ్ (ఇల్లు మీ పేరుకు మారే రోజు) ఖర్చులు, కొత్త ఇంటి సామాను పోగా 1.9 లక్షలలో మీ చేతిలో 40,000 మిగిలితే గొప్ప. 4,450 వాయిదాకు ఇంటి ఖర్చులు కూడా కలిస్తే అది ఆరు నెలలు కూడా రాకపోవచ్చు. తక్కువ డౌన్ పేమెంట్‌తో ఎఫ్‌హెచ్‌ఏ (ప్రభుత్వ బీమా ఉండే) రుణం తీసుకోవచ్చని ఎవరైనా అంటే, 2025 మే చివరి నుంచి ఆ రుణం గ్రీన్ కార్డు లేని విదేశీయులకు ఇవ్వడం లేదు. మీకు మిగిలేది ప్రభుత్వ బీమా లేని కన్వెన్షనల్ రుణమే.

మంగళగిరి స్థలం మీ పేరున ఉంది కాబట్టి అది అమ్మితే వచ్చే లాభం మీదే. ఎన్నారైగా మీకు 12.5 శాతం దీర్ఘకాలిక పన్ను, దాని మీద సెస్సు ఉంటాయి. ఇండెక్సేషన్‌తో (ద్రవ్యోల్బణం మేరకు కొన్న ధరను పెంచి లెక్కించడం) 20 శాతం కట్టే వెసులుబాటు భారతదేశంలో నివసించేవారికే ఇచ్చారు. కొనుగోలుదారు టీడీఎస్ కోయాలి, డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోకి (భారత్‌లో ఎన్నారైల రాబడి జమయ్యే బ్యాంకు ఖాతా) వచ్చాక చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువపత్రంతో బయటికి పంపాలి, అమెరికా రిటర్నులో కూడా ఆ లాభాన్ని చూపి భారత్‌లో కట్టిన పన్నుకు క్రెడిట్ తీసుకోవాలి. ఇది నెలల పని. ఇంటి క్లోజింగ్ తేదీ తరుముతుంటే మీ నాన్నగారు వచ్చిన ధరకు ఇచ్చేయవలసి వస్తుంది. స్థలం అమ్మాలనుకుంటే ఇల్లు కొనే ఆలోచనతో ముడిపెట్టకుండా తీరికగా అమ్మండి.

అద్దె ఒప్పందాన్ని జులై నుంచి ఏడాదికి రాయించుకుని, యజమాని మధ్యలో ఇల్లు అమ్మితే మీ గడువు పూర్తయ్యే వరకు ఉండనిస్తామన్న మాట అందులో చేర్పించండి. ఇప్పుడు ఇర్వింగ్‌లో కడుతున్న దానికన్నా 500 డాలర్లు ఎక్కువ పోయినా, కొన్న ఇంటితో పోలిస్తే నెలకు 1,350 మీ చేతిలో ఉంటుంది. దాన్ని విడిగా హై-ఈల్డ్ సేవింగ్స్‌లో వేయండి. ఈ ఏడాదిలో బాబు ఏ మిడిల్ స్కూల్‌కు వెళ్తాడో, ఆ పేటలోని పిల్లలు ఎలా ఉన్నారో మీకే తెలుస్తుంది. ఆ తరువాత కొనదలచుకుంటే మీ పరిమితి 5.5 లక్షలు. 20 శాతం కడితే వాయిదా, పన్ను, ఇన్సూరెన్సు కలిపి 3,750 దగ్గర ఆగుతుంది, మీ ఒక్కరి జీతంతో కూడా ఇరుకుగానైనా నెట్టుకురాగలరు. కొన్న వెంటనే కొత్త చిరునామాతో డ్రైవింగ్ లైసెన్సు మార్చుకుని కౌంటీ అప్రైజల్ కార్యాలయంలో హోమ్‌స్టెడ్ (సొంతింటి పన్ను మినహాయింపు) దరఖాస్తు ఇవ్వండి. దానికి పౌరసత్వం అక్కరలేదు, రుసుమూ లేదు. డబ్బు తీసుకుని దరఖాస్తు చేసిపెడతామని వచ్చే ఉత్తరాలను చెత్తబుట్టలో వేయండి.