సెక్స్ అంటే తప్పు, సిగ్గు అని ఎందుకు అనుకుంటారు?

తప్పే అయితే పెళ్లయిన ఏడాదికే "విశేషమేమైనా ఉందా?" అని ఎందుకడుగుతారు? అసలు భయం కులం, ఆస్తి చెదిరిపోతాయని. అందుకే కాపలా ఎక్కువగా ఆడవాళ్ల మీద.

ఈ సిగ్గంతా తాతల నాటిదీ కాదు. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో కవయిత్రి ముద్దుపళని 'రాధికా సాంత్వనం' కావ్యంలో శృంగారాన్ని దాపరికం లేకుండా రాసింది. సంస్కర్త వీరేశలింగమే దాన్ని ఛీకొట్టారు. 1910లో గాయని బెంగుళూరు నాగరత్నమ్మ మళ్లీ అచ్చు వేయిస్తే బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమంటూ నిషేధించింది. మగకవులు రాస్తే ప్రబంధం, ఆడది రాస్తే బూతు (ఇది నా ఉక్రోషమే అనుకోండి).

ఇప్పుడూ అంతే. మందుల షాపులో పారాసెటమాల్ చేతికిస్తారు, కండోమ్ మాత్రం కాగితంలో చుట్టి, నల్ల కవర్లో పెట్టి ఇస్తారు.